గ్యాంగంత ఒక్క ఫోన్ల పాసైన పరీక్ష

పిల్లల బడికి పరీక్ష ఉన్నదని మా పాస్టరయ్య ఆదివారం ఆరాధన అయినంక చదివినప్పుడు, ఆ పరీక్ష పిల్లలకే అనుకున్న. గింత ఎండల పసిపోరగాళ్లకు పరీక్షేందని పక్కన కూసున్నామెతోటి అన్న గూడ. ఆమె నా మోకాలు గిల్లి, "పిల్లలకు కాదు, నీకు," అన్నది.

అది హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఆర్డరు. మా సంఘం చిన్నది. గోదావరిఖనిల బొగ్గు కంపెనీ క్వార్టర్ల నడుమ రేకుల కప్పు గుడి మాది. అయినా దాని మీద హైదరాబాదుల ఒక పెద్దాఫీసు ఉన్నది. సంఘపెద్దలు, సండే స్కూల్ టీచర్లు, అన్నం వడ్డించేటోళ్లు, ఆఖరికి పిల్లలను ఆటోల నుంచి దించేటోళ్లు గూడ ఫోన్ల ఒక ట్రైనింగు చూడాల్నట. పిల్లల మీద చెడ్డ చెయ్యి పడకుంట ఎట్ల కాపాడాలె అనేది దాంట్ల చెప్తరట. వీడియో వస్తది, వీడియో అయిపోంగనే ప్రశ్నలు వస్తయి, జవాబు నొక్కాలె. పాసైతే సర్టిఫికెట్. సర్టిఫికెట్ లేనోళ్లు ఎండాకాలం సెలవులల్ల గుడిల పెట్టే పిల్లల బడి మొదలైన దినం నుంచి పిల్లల గదిల కాలు పెట్టొద్దు.

నాకు కోపమొచ్చింది. కోపం దాచుకునుడు నాకు రాదు. లేచి నిలవడి, "అయ్యా, ఇన్నేండ్ల సంది వీళ్ల ముడ్లు కడిగిన చేతులకు ఇప్పుడు సర్టిఫికెట్ గావాల్నా?" అని అడిగిన. మొగోళ్ల దిక్కు నుంచి నవ్విన్రు. పాస్టరయ్య వయసుల నా చిన్నకొడుకంత ఉంటడు. మంచి పిలగాడే, కానీ కాయితం చేతుల ఉంటే ఆయన గొంతు మారుతది.

"నీ మీద అనుమానం ఉండి కాదవ్వా. అందరికి ఒకటే రూలు," అన్నడు.

నేను పాస్ గాకుంటే ఏం చేస్తవని అడిగిన. చిన్నపిల్లలను పెద్దపిల్లల గదిల కలుపుతమని మెల్లగ అన్నడు. గప్పుడు నేను మల్ల కూసున్న.

ఎందుకంటే ఆ చిన్నపిల్లల గది నాది. గది అంటే పెద్దగ ఏం లేదు, గుడి పక్కన ఒక అర్ర, ఒక చాప, తిరిగినప్పుడు తిరిగే ఒక ఫ్యాను. అంగన్వాడి వయసు నుంచి రెండో తరగతి దాక పిల్లలు నా దగ్గర ఉంటరు. మా ముసలాయన నౌకరి చేసినన్ని దినాలు బొగ్గుబాయిల డ్రిల్లు మిషిన్ పట్టి బొగ్గుకు బొక్కలు పెట్టిండు. రిటైరయి ఇంటికొచ్చేటప్పుడు చెవులు బాయిలనే ఇడిసిపెట్టి వచ్చిండు. ఒక్క మాట నేను మల్ల మల్ల ఒర్రితే సగం ఇంటడు, ఆ సగానికి జవాబు గూడ ఇంకో దానికి చెప్తడు. నేను మాట్లాడుతుంటే నోరు తెరుసుకుని, కండ్లు పెద్దగ చేసుకుని ఇనేటోళ్లు ఈ లోకంల ఆ గదిల పిల్లలే. వరదల జంతువులన్ని ఎక్కిన పెద్ద ఓడ కత చెప్తే, పక్కన్నే ఉన్న మేకను పులి ఎందుకు తినలేదని అడుగుతరు. నాకు తెల్వదంటే, దానికి అన్నం పెట్టి ఉంటరని వాళ్లే చెప్తరు. ఆ గది పోతే నాతోటి మాట్లాడేటందుకు మా ఇంటి గోడలే మిగుల్తయి.

ఇగ చదువు సంగతి. అక్షరాలు నాకు ఆలస్యంగ వచ్చినయి. మోకాళ్ల నొప్పులు వచ్చినంక వచ్చినయి అంటే మీకు అర్థమైతది. నేర్పింది మా సంఘపెద్దే. నేను అన్న అని పిలుస్త, ఊరంత పెద్దన్న అంటది. బాయిల ఓవర్‌మన్ చేసి రిటైరయిండు. ఓవర్‌మన్ అంటే షిఫ్టుల దిగిన మనుషుల పానాలన్ని ఆయన చేతులనే ఉంటయి. పొద్దుగూకినంక ఆడోళ్లకు బడి పెట్టి ఆయన మాకు గుణింతాలు చెప్పిండు. తప్పు రాస్తే కొట్టేటోడు కాదు, "చెల్లె, గిట్ల రాస్తే బాయి కప్పు మీద పడ్తది," అనేటోడు. అక్షరం తప్పితే కప్పెట్ల పడ్తదో నాకు ఇప్పటికి తెల్వదు. కానీ ఆ భయానికే నేర్చుకున్న. ఆయన లేకుంటే ఈ నాలుగు ముక్కలు రాసేదాన్ని గాదు. అది ముందుగాల చెప్పి, మిగిలింది చెప్తున్న.

ఆయనకు ఒక అలవాటు ఉన్నది. ఆరాధన అయినంక గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చి ఏసుకుని కూసుంటడు. లాల్చి జేబు నిండ చాక్లెట్లు. పోరడైనా పొల్లైనా ముందుగాల ఆయన చెంపకు ముద్దు పెట్టాలె, గప్పుడు చాక్లెట్. అందరి ముందటనే, నవ్వుకుంట. ఆయన మనసుల పాడు లేదు, అది నేను ఏడనన్న నిలవడి చెప్త. కానీ ఆ చెంప మీద ఎప్పుడు చూసినా ముండ్ల లెక్క గడ్డం. పైంగ జర్దా. బాయి లోపల గ్యాస్ ఉంటది, బీడీ అగ్గిపెట్టె తీస్కపోనియ్యరు, అందుకే బాయి మనుషులు జర్దా మరుగుతరు. మనిషి రిటైరయినా నోరు రిటైరు గాదు. సంఘపెద్ద జర్దా నములుతడని సంఘమంతటికి ఎరుకే. ఎవ్వరికి ఎరుక లేనట్టే ఉంటరు.

నా గదిల ఒక చిన్న పొల్ల ఉన్నది. అంగన్వాడి పోరి. ఆఖరి పాట మొదలైందంటే చాలు, వచ్చి నా చీర కుచ్చిళ్లల్ల దూరుతది. నేనేమో మెడ పట్టి ముందుకు తోసి, పో బిడ్డా, తాత పిలుస్తుండు, చాక్లెట్ ఇస్తడు అంటుంటి. ఆ పొల్ల కండ్లు గట్టిగ మూసుకుని, దవాఖానల చేదు మందు తాపినట్టు మొకం పెట్టి, ముద్దు పెట్టి, చాక్లెట్ గుంజుకుని ఉరికేది. అది చూసి అందరం నవ్వేటోళ్లం.

ట్రైనింగు మాట ఇనంగనే మా పెద్దన్న, "ఎవ్వరు ఫికర్ చెయ్యకున్రి, నేను చూసుకుంట," అన్నడు. అందరం నిమ్మలపడ్డం. బాయి పనోళ్లకు అప్పుడప్పుడు ట్రైనింగుకు పోవుడు అలవాటే. అందరిని ఒక హాల్ల కూసోపెడ్తరు, ఒక సారు ముందట నిలవడి చెప్తడు, చాయ్ బిస్కెట్ వస్తది, ఆఖరికి సంతకం పెట్టి ఇంటికి పోతరు. మా సంఘంల మొగోళ్లందరు అసొంటి ట్రైనింగులల్ల కునికి కునికి ముసలోళ్లయినోళ్లే. ఇంకోటేందంటే, బాయి పని గ్యాంగు పని. గ్యాంగుల పెద్దోడు జవాబిస్తే అందరు ఇచ్చినట్టే. వెనుకట ఒకనికి ఆలస్యమైతే ఇంకొకడు వాని మస్టరు పడేటట్టు చూసేటోడు. మస్టరంటే హాజరు. దాన్ని తప్పని ఎవ్వరు అనుకోలే, దోస్తానా అనుకున్నరు. ఎవరి జవాబు వాళ్లే నొక్కాలె అని హెడ్డాఫీసు రాసిన ముక్క మా చెవులకు సొచ్చింది గానీ తలకాయలకు సొరలేదు.

శనివారం పగటీలి గుడిలనే పెట్టిన్రు ట్రైనింగు. పాస్టరయ్య తన ఫోన్‌ను టీవీకి కలిపిండు. కూలర్ పెట్టిన్రు. చౌరస్త నుంచి మిర్చిబజ్జీలు వచ్చినయి. వీడియోల ఒక మేడమ్ మంచి మెత్తటి తెలుగుల చెప్తుంటది. పిల్లతోటి ఒంటరిగ ఉన్నప్పుడు తలుపు మూసి ఉంచొద్దు అన్నది. మన గుడి తలుపు ఎన్నడు మూతవడ్డది, కిందంత చెదలు తిన్నదాయె అని ఒకాయన అన్నడు. అందరం నవ్వినం. పిల్లలకు చాటుగ బహుమతులు ఇయ్యొద్దు అన్నదామె. అందరి తలకాయలు పెద్దన్న దిక్కు తిరిగినయి. నేను చాటుగ ఇస్తున్ననా, అందరి ముందటనే ఇస్త గదా అన్నడు పెద్దన్న. అది నిజమే గాబట్టి వీడియో ముందుకు పోయింది.

ప్రశ్నలొచ్చినయి. పెద్దన్న చెప్తుండు, పాస్టరయ్య నొక్కుతుండు. ఒకరి పేరు మీద అయిపోంగనే ఇంకొకరి పేరు కొట్టుడు, అవే జవాబులు నొక్కుడు. గట్ల పొద్దుగూకేటాలకు గ్యాంగంత పాస్. ఇటు నేను మిర్చి తింటుంటే అటు నేను పాసైన. కంటి ఆపరేషన్ అయి ఆ దినం దవాఖానల పండుకున్న ఒకాయన ఉన్నడు, గుడి ఊడిచి నీళ్లు నింపే మనిషి. పాపం ఆయన ఎందుకు వెనుకవడాలె అని ఆయనను గూడ పాస్ చేసిన్రు.

సర్టిఫికెట్లు వస్తే పాస్టరయ్య అన్నిటికి లామినేషన్ చేయించి గుడి గోడకు వరుసగ తగిలిచ్చిండు. చదువుడు నేర్చుకున్నంక నా పేరు మీద వచ్చిన మొదటి సర్టిఫికెట్ అది. నా పేరు కూడబలుక్కుని చదివి, ఏలుతోటి తడిమి చూసుకున్న. అబద్ధమెందుకు, మస్తు సంబురమైంది. గది నాదే అనుకున్న.

ఆ సంబురం వారం గూడ ఉండలే. హెడ్డాఫీసు మేడమ్ వీడియో కాల్ల అందరితోటి ఒకసారి మాట్లాడ్తదని కబురొచ్చింది. మాకు షాబాషి చెప్పనీకె అనుకున్నం. ఆడోళ్లం మంచి చీరలు కట్టుకుని పోయినం. మల్ల టీవీ పెట్టిన్రు, టీవీల మేడమ్ వచ్చింది, ట్రైనింగు వీడియోలామె కాదు, ఇంకొకామె. వయసు ఎక్కువ లేదు గానీ కండ్లద్దాలు బరువుగ ఉన్నయి. వందనాలు చెప్పి, అందరి జవాబులు ఒక్క ఫోన్ నుంచే, ఒక్క పగటీలనే వచ్చినయేందని అడిగింది. అందరు తప్పిన ప్రశ్నలు గూడ అవే, తప్పు జవాబు గూడ అదే అన్నది. పాస్టరయ్య నేల చూసిండు.

మా పెద్దన్న దగ్గి, అందరం కలిసి శ్రద్ధగ చూసినమమ్మా, అందుకే అందరికి ఒకటే తెలివి వచ్చింది అన్నడు.

ఆమె ముందటి వరుసల కంటికి పచ్చ గుడ్డ కట్టుకున్న మనిషిని చూసింది. ఆ ఆపరేషనాయనే. "అయ్యా, మీకు ట్రైనింగుల ఏం నచ్చింది?" అని అడిగింది.

"అన్ని బాగనే ఉన్నయటమ్మా," అన్నడాయన. "మిర్చీలు సుత బాగున్నయట."

ఇగ ఆమె కాయితం పక్కకు పెట్టి, తనే అడుగుడు షురూ చేసింది. ఒక పిల్ల వచ్చి, ఫలానా మనిషి నన్ను ముట్టుకుంటుండు, నాకు మంచిగ అనిపిస్తలేదు అంటే మీరేం చేస్తరు? వెనుక నుంచి ఒకాయన వెంటనే లేచి, మా పెద్దన్నకు చెప్తం అన్నడు. బాయిల నేర్చుకున్న పద్ధతి అది. ఏదన్న తేడా కనవడితే పై మనిషికి చెప్పాలె, ఆయన తన పై మనిషికి చెప్తడు, నడిమి మనిషిని దాటి పోతే లెక్క లేనట్టు. ఆ తర్వాత ఎవరికి అని అడిగింది మేడమ్. పాస్టరయ్యకు అన్నరు. పాస్టరయ్య పట్టించుకోకుంటే? దానికి ఆ వెనుకాయన, రిటైరయి ఇన్నేండ్లయినా బాయి ఆఫీసర్లను మర్వలే, "అండర్ మేనేజరుకు," అన్నడు.

పోలీసులకో, పిల్లల కోసమున్న హెల్ప్‌లైనుకో నేరుగ చెప్పొచ్చు, ఎవ్వరి పర్మిషన్ అక్కర లేదు, అది వీడియోల ఉన్నది గదా అన్నది మేడమ్. వీడియోల ఆ ముక్క వచ్చినప్పుడే మిర్చీలు వచ్చినయి.

గప్పుడే ఓపెన్‌కాస్టుల, పైనుంచే బొగ్గు తవ్వే గనిల, బ్లాస్టింగ్ అయింది. మాకు పగటీలి రోజు ఉండేదే. కిటికీలు గలగలమన్నయి, రేకులు అదిరినయి, టీవీ మీద దుమ్ము రాలింది. మా గుంపుల ఒక్కరు కదలలే. ఫోన్ ఊగినట్టుంది, మేడమ్ మాత్రం అక్కడ కుర్చిల నుంచి లేచి, ఏమైంది, మీరందరు బాగనే ఉన్నరా అని గాబర పడ్డది. ఏం లేదమ్మా, బ్లాస్టింగు, మీరు అడుగున్రి అని పెద్దన్న ధైర్యం చెప్పిండు.

ఆమె కూసుని, నీళ్లు తాగి, అడిగింది. "ఆ పిల్ల చెప్పేది మీ పెద్దన్న గురించే అయితే?"

బ్లాస్టింగుకు కదలని మనుషులు ఆ మాటకు కదిలిన్రు. కుర్చీలు కిర్రుమన్నయి. మా పెద్దన్న అసొంటోడు కాదని ఒకరి వెనుక ఒకరు అన్నరు. నేను ఏ సంఘంల అడిగినా ఇదే మాట చెప్తరు అన్నది మేడమ్. పెద్దన్న ఆమెకు ఎదురంగనే కూసున్నడు, ఆయనే పెద్దన్నని ఆమెకు తెల్వదు.

గప్పుడు ఆమె నన్ను చూసింది. "అవ్వా, చిన్నపిల్లలు మీ దగ్గర ఉంటరట గదా. ఒక పిల్ల ఎవరి దగ్గరికన్న పోను అంటే మీరేం చేస్తరు?"

"మెడ పట్టి తోస్త," అన్న.

మేడమ్ నవ్వబోయి ఆగింది. ఎవరి దగ్గరికి తోస్తరని అడిగింది. అడిగితే చెప్పకుంట ఎట్ల ఉంట? "ఈ అన్న దగ్గరికే," అని చెయ్యి చూపెట్టిన.

 పక్కనున్నామె నా చెయ్యి పట్టి కిందికి గుంజింది. నేను చెప్పింది చెడ్డగ వినవడ్డదని గప్పుడు సోయికొచ్చింది. పాడు పని కాదమ్మా, చాక్లెట్ ఇచ్చి ముద్దు అడుగుతడు, గంతే, గడ్డం గుచ్చుకుంటది, జర్దా వాసన నాకే గుమ్మం అవతల దాక వస్తది, గంత చిన్న పిల్లకు రాదా అని గబగబ చెప్పిన. బాగు చేద్దమని చెప్పిన ముక్కతోటి జర్దా సంగతి గూడ హెడ్డాఫీసుకు చేరింది. పెద్దన్న నోట్ల ఉన్న జర్దాను గుటుక్కున మింగిండు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అది అవమానమో జర్దానో చెప్పలేను.

మేడమ్ మాత్రం నవ్వలే, తిట్టలే. "ఆ పిల్ల పోను అని చెప్పిందా అవ్వా?" అని అడిగింది.

"నోటితోటి చెప్పలేదమ్మా. నా చీరల దూరుతది."

"అయితే చెప్పినట్టే గదా," అన్నది.

నేను నా చీర కుచ్చిళ్లు చూసుకున్న. 

సర్టిఫికెట్లన్ని రద్దు. ఎవరి ఫోన్ల వాళ్లు, ఎవరి జవాబు వాళ్లు, మొదటి నుంచి మల్ల చెయ్యాలె. పిల్లల బడి మొదలయ్యే లోపట పాస్ గానోళ్లు గది బయటనే. గోడ మీద సర్టిఫికెట్లు దిగినయి. లామినేషన్ చేయించినం గదా, చింపుదమంటే చినగలే. కరెంటు పోయినప్పుడు ఇసురుకునేటందుకు తలా ఒకటి ఇంటికి తీస్కపోయినం.

సంఘమంత నా మీద గుర్రుమన్నది. నోరు మూసుకుని ఉంటే ఏం పోయేదని మొకం మీదనే అడిగిన్రు. పెద్దన్న గేటు దగ్గర నన్ను ఆపిండు. "చెల్లె, నీకు అక్షరాలు నేర్పింది గిందుకేనా?"

"చెయ్యి చూపెట్టనీకె అక్షరాలు అక్కర లేదన్నా," అన్న.

ఆయన గేటు దాటి పోయిండు. తను పరీక్ష రాయనని, బాయిల గంతమంది పానాలు కాపాడినోన్ని నాకు పరీక్షేందని పాస్టరయ్యతోటి అన్నడట. ఆదివారం గుమ్మం దగ్గర కుర్చి ఏసుకోలే. పిల్లలు ఆ ఖాళీ జాగ చుట్టు తిరిగి, చాక్లెట్ తాత ఏడి అని అడిగిన్రు. ఆ పొల్ల మాత్రం అడగలే. ఆఖరి పాట అయినంక నా చీర కాడికి రాకుంట, బయట చెప్పుల కుప్పల ఆడుకున్నది.

ఇగ నా పరీక్ష. నా చిన్నకొడుకు పాత ఫోన్ ఇచ్చిండు, అద్దం పగిలింది. ఆ పగులు సరిగ్గ "తర్వాత" అనే బటన్ మీదికెళ్లి పోయింది, గట్టిగ ఒత్తితే గానీ కదలది. నేను నడుమింట్ల కూసుని వీడియో పెట్టిన. మా ముసలాయన వచ్చి పక్కన కూసున్నడు. ఆయనకు వినవడాలంటే ఫోన్ గొంతు అంత పైకి లేపాలె. కొడుకు ఒక స్పీకర్ డబ్బ తగిలిచ్చి పోయిండు. ఇగ చూడున్రి, పిల్లలను ఎట్ల కాపాడాలె అనే ముచ్చట మా క్వార్టర్ల లైనంత మోగింది.

మొదటి దినం పక్క క్వార్టరామె, వాళ్లు మల్లన్నను మొక్కేటోళ్లు, ఏం సినిమా చూస్తున్నవక్కా అని గోడ మీదికెళ్లి అడిగింది. చెప్పిన. రెండో దినం చెయ్యి కడుక్కుని వచ్చి గడపల కూసున్నది. ఆ తర్వాత కూరగాయలు కోసుకుంట చూసేటోళ్లు ఇంకిద్దరు వచ్చిన్రు. సీరియల్ లెక్క, రేపటి ముక్క ఎప్పుడు పెడ్తవక్కా అని అడుగుడు. నేను ఒక దినం చౌరస్తకు పోయి ఆలస్యంగ వస్తే వాళ్లకు కోపమొచ్చింది. పక్కామె తన బిడ్డ ట్యూషనుకు పోయే ఇంటికి పోయి, ఆడ తలుపు తీసి ఉంటదా మూసి ఉంటదా అని చూసి వచ్చింది. మా సంఘంల కన్న మా లైన్ల ఎక్కువ మంది ఆ ట్రైనింగు అయిపోగొట్టిన్రు, కానీ వాళ్లకు సర్టిఫికెట్ రాలే.

వాళ్లు చూడొచ్చు గానీ జవాబు చెప్పొద్దని గట్టిగ చెప్పిన. మల్ల రద్దయితే నా గది పోతది. నేను కూడబలుక్కుని చదువుతుంటే, జవాబు తెలిసినోళ్లు చీర కొంగు నోట్ల కుక్కుకుని కూసునేటోళ్లు.

ఒక ప్రశ్న కాడ ఆగిపోయిన. పిల్ల వచ్చి, నీకొకటి చెప్త, ఎవ్వరికి చెప్పనని ఒట్టు పెట్టు అంటే ఏం చేస్తరు? నేను ఒట్టు పెడ్త అని నొక్కిన. పిల్లకిచ్చిన మాట తప్పుతరా ఎక్కడన్న? ఫెయిల్. ఫోన్ తప్పయిందనుకుని మల్ల మొదటి నుంచి చూసి, మల్ల ఒట్టు పెట్టిన. మల్ల ఫెయిల్. నేను ఫోన్‌ను తిట్టిన. మాట ఇచ్చి నిలవెట్టుకునుడు గూడ తప్పేనా, గిదేం చదువు అని ఒర్రిన. గంత గట్టిగ ఒర్రితే మా ముసలాయనకు మొదటిసారే వినవడ్డది. ఏందట అని అడిగిండు. చెప్పిన.

ఆయన స్పీకర్ డబ్బ పక్కకు జరిపి, "కప్పు పగిలింది ఎవ్వరికి చెప్పకు అని పక్కోడంటే, బాయిల చెప్పకుంట ఉంటమా?" అన్నడు. "చెప్పకుంటే వాడు సుత చస్తడు గదా." తను చెప్పింది నా పరీక్షకు జవాబని ఆయనకు తెల్వదు. నేను ముందుగాల కోపంగ చూసి, ఆ తర్వాత ఫోన్ దిక్కు చూసి, ఆ రాత్రంత దాని గురించే ఆలోచన చేసిన. మా గదిల పిల్లలు నాకు ఏం చెప్పినా, ఎవ్వరికి చెప్పనని నేను వెంటనే ఒట్టు పెట్టేదాన్ని. పొద్దుగాల లేచి, ఇంటి వాకిలి ఊడ్సక ముందే ఆ ప్రశ్న కాడికి పోయిన. ఒట్టు పెట్టను, నీకు సాయం చేసేటోళ్లకే చెప్త అని పిల్లకు చెప్పుడు అనే జవాబు నొక్కిన. పాస్. గడపల కూసునేటోళ్లు ఒక్కరు లేకుండె ఆ గడియల. పోయి తలుపులు కొట్టి లేపిన.

పిల్లల బడి మొదలైన దినం పొద్దుగాల్నే ఎండ మండుతున్నది. నేను గది తలుపు బార్ల తీసి, కిటికీలు తీసి, చాప పరిచిన. కొత్త సర్టిఫికెట్ గోడకు పెట్టిన, ఈసారి లామినేషన్ చేయించలే. పిల్లలు వచ్చిన్రు. పాట మొదలుపెట్టే ముందట పెద్దన్న వచ్చిండు. ప్రతి ఏడాది ఆయన గది గదికి పోయి ప్రార్థన చేస్తడు, గప్పుడే బడి మొదలైతది. ఆయన మొకం చూసి నేను గుర్తు పట్టలే. నున్నగ గీసుకున్నడు. చెంప మీద బ్లేడు కోసిన కాడ దూది అతికి ఉన్నది.

నేను పోయి గుమ్మంల నిలవడ్డ. ఆయన గడప అవతల, నేను ఇవతల. వెనుక పాస్టరయ్య ఉన్నడు గానీ ఆయన చెట్టు మీద ఏదో పిట్టను చూస్తుండు.

"గడ్డం గీసుకున్న. జర్దా ఉమ్మేసి వచ్చిన," అన్నడు పెద్దన్న. "ఇంకేం గావాలె నీకు?"

"పరీక్ష పాస్ గావాలన్నా."

"నేను లోపలికి రావొద్దంటున్నవా? నువ్వు?"

 నాకు పలక పట్టుకునుడు నేర్పిన మనిషి ఆయన. ఆయన అడుగు ముందుకేస్తే నేను జరిగేదాన్నో జరగకపోయేదాన్నో నాకే తెల్వదు. ఆయన లోపలికి వస్తే హెడ్డాఫీసు గదిని మూస్తది, అది ఒకటి. నా వెనుక పిల్లలు ఉన్నరు, అది ఇంకొకటి.

"నేను రెండుసార్లు ఫెయిలయి వచ్చిన అన్నా," అన్న. "నువ్వు గూడ ఫెయిలయ్యే రా. గడప అవతల కూసుని ప్రార్థన చెయ్యి, మాకు వినవడ్తది."

 ఆయన వరండల ఉన్న కుర్చి గుంజుకుని కూసున్నడు. ప్రార్థన చేసిండు, పిల్లలు ఆమెన్ అన్నరు. అయినంక పోతడనుకున్న. పోలే. జేబులకెళ్లి ఫోన్ తీసిండు. పాస్టరయ్య పిట్టను ఇడిసిపెట్టి ఉరికొచ్చి, ట్రైనింగు తెరిచి ఇచ్చి, జవాబులు చెప్పకుంట అటు పోయిండు.

ఆయన నేర్పిన చదువు అట్లాంటిది, మేమందరం పైకే చదువుతం, ఆయన గూడ గంతే. నేను లోపల పాట చెప్తుంటే, బయట నుంచి ప్రశ్నలు వినవడ్తున్నయి. ఒక దాని కాడ ఆగిపోయిండు. కిటికిల నుంచి నన్ను పిలిచి, "చెల్లె, గిది చూడు. పిల్ల దగ్గరికి రానంటే ఏం చెయ్యాల్నట. ఒకటి, నచ్చజెప్పి పిలవాలె. రెండు, ఏదన్న ఇస్తనని ఆశ పెట్టాలె. మూడు, బలవంతం చెయ్యకుంట ఊకోవాలె. ఏది నొక్కాలె?" అని అడిగిండు.

నేను పలకలే. ఎవరి జవాబు వాళ్లదే. ఆయన మల్ల చదివిండు, ఈసారి ఇంక గట్టిగ.

ఆ చిన్న పొల్ల నా పక్కన కూసుని ఓడ బొమ్మకు రంగులేస్తున్నది. తల ఎత్తలే. "ఊకోవాలె తాతా," అన్నది.

 నేను కిటికి దిక్కు చూడలే. పిల్లలతోటి పాట ముందుకు నడిపిన. కొంచెం సేపయినంక ఫోన్ల నుంచి సరైన జవాబు అనే టింగుమన్న చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ప్రశ్నలు ఆయన మనసుల చదువుకున్నడు.

ఆ దినం ఆయన ఫెయిలయిండు, ఒట్టు పెట్టే ప్రశ్న కాడనే అని పోయేటప్పుడు తనే చెప్పిండు. నేను జవాబు చెప్పలే. మర్నాడు నేను చాప పరవనీకె వచ్చేటాలకే ఆయన వచ్చి ఉన్నడు. కుర్చి గడప అవతల ఏసుకుని, కండ్లద్దాలు తుడుసుకుంట కూసున్నడు.